ఎలుగుబంటి, చెట్టు, ఒక వంకర గీత: స్పెయిన్ పాత వెండి మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో స్పెయిన్ వెండి సామాన్ల మీద ఉండే ముద్రల గురించి నాలుగు ముక్కలు రాస్తే, ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు, మనవాళ్ల ఇళ్లల్లో ఆ దేశం వస్తువులు ఇన్ని ఉన్నాయని కూడా తెలీదు. మా నాన్నది కంసాలి పని, తెనాలిలో, చిన్నప్పటినుంచీ గీటురాయి పక్కనే పెరిగాను, తర్వాత ఉద్యోగం మీద మాడ్రిడ్‌లో కొన్నేళ్లు ఉన్నాను, ఆదివారం వస్తే ఆ సంతల్లోనే తిరిగేవాణ్ని, అందుకే ఈ విషయం మాట్లాడమంటే నాకు ఆపడం కష్టం. ఫోటోలు పంపినవాళ్లకి థాంక్స్. ఫోటో లేకుండా "ఇది ఒరిజినలేనా సార్" అని మాత్రమే రాసినవాళ్లు దయచేసి ముద్ర దగ్గర్నుంచి, పక్కనుంచి లైటు పడేలా ఒక ఫోటో తీసి మళ్లీ పంపండి.

ప్రశ్న: అన్నయ్యా, నేను మాడ్రిడ్‌లో మాస్టర్స్ చేస్తున్నా, మాది రాజమండ్రి. ఎల్ రాస్త్రో సంతలో ఒక వెండి పళ్లెం కొన్నాను, గుండ్రంగా, నున్నగా ఉంది, పూలూ వంపులూ ఏమీ లేవు, అంచు చుట్టూ ముత్యాల్లాంటి పూసల వరస. వెనకాల చెట్టుకి ఆనుకుని నిలబడ్డ ఎలుగుబంటి, కింద 88 అని అంకెలు, పక్కన ఒక కోట బొమ్మ, దాని కిందా 88, ఇంకో చిన్న ముద్రలో ఏవో అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. వీటి పక్కన ఒక వంకర టింకర గీత ఉంది, అమ్మినతను అది గీసుకుపోయిన మచ్చ అని చెప్పి రేటు కూడా తగ్గించాడు. ఇంకో మూల చేత్తో గీకినట్టు 2 ఎం 4 ఓ అని ఉంది. నేను మోసపోయానా?

జవాబు: అమ్మా, నువ్వు మోసపోలేదు, ఆ గీతకి రేటు తగ్గించాడంటే అతనికే తెలీలేదు. ఆ వంకర గీత పేరు బురిలాదా. సరుకు చూసే అధికారి సన్నటి ఉలితో వెండిని పాములాగా అటూ ఇటూ గీసి, లేచిన ఆ సన్నటి పొట్టుని తీసుకెళ్లి పరీక్ష చేసేవాడు, నాణ్యం సరిపోతేనే తన ముద్ర కొట్టేవాడు. మన షరాబులు గీటురాయి మీద గీసి చూసినట్టే, కాకపోతే ఇక్కడ ఆ పరీక్ష జరిగిన గుర్తు వస్తువు మీదే ఉండిపోయింది. నేనైతే పాత స్పెయిన్ వెండి చేతిలోకి తీసుకోగానే ముందు వెతికేది ముద్రల్ని కాదు, ఈ గీతనే. దీన్ని కూడా దొంగతనంగా గీసేవాళ్లు ఉంటారు, అందుకని భూతద్దంలో చూడు, అసలైన గీత ఒక్క ఊపులో పోయి ఉంటుంది, లోతు ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉంటుంది, గాడి లోపల కూడా మిగతా పళ్లెం లాగే నల్లబడి, అంచులు మెత్తబడి ఉంటాయి. కొత్తగా గీసినదైతే గాడిలో తెల్లగా మెరుస్తుంది.

ఇప్పుడు ముద్రలు. స్పెయిన్‌లో పద్ధతి ఏంటంటే మామూలుగా మూడు ఉండాలి, ఒకటి ఊరిది, ఒకటి పరీక్ష చేసిన అధికారిది, ఒకటి చేసిన కంసాలిది. అంటే ముగ్గురు జవాబుదారీ తీసుకున్నారన్నమాట. కంసాలి తన ముద్ర కొట్టాలనే రూలు 1435లో రెండో హువాన్ రాజు కాలం నాటికే ఉంది. మాడ్రిడ్ మాత్రం కొంచెం స్పెషల్, అక్కడ ఊరి పాలన ఒకటి, రాజుగారి దర్బారు ఒకటి, రెండు అధికారాలు పక్కపక్కనే ఉండేవి, రెండిటికీ వేరే వేరే పరీక్ష అధికారులు. ఎలుగుబంటి, మద్రోన్యో చెట్టు ఊరి ముద్ర, ఇప్పటికీ మాడ్రిడ్ ఊరి చిహ్నం అదే, పుయెర్తా దెల్ సోల్ దగ్గర ఆ విగ్రహం నువ్వు చూసే ఉంటావు. కోట బొమ్మ దర్బారు ముద్ర. రెండూ ఉన్నాయి, రెండిటి కిందా ఒకే అంకె ఉంది అంటే అది చాలా బావుంది.

88 అంటే సంవత్సరంలో చివరి రెండు అంకెలు. ఇక్కడే అందరూ జారతారు, 1788 అవ్వచ్చు, 1888 అవ్వచ్చు, అంకె ఒక్కటే చూస్తే తేలదు. నీ పళ్లేనికి ముత్యాల వరస ఉంది, నున్నగా గుండ్రంగా ఉంది, పూలూ వంపులూ ఏమీ లేవు అంటున్నావు, అది 18వ శతాబ్దం చివర్లో వచ్చిన సాదా శైలి, మూడో కార్లోస్ రాజు చివరి రోజులు. కాబట్టి నా లెక్క 1788. ఇంకో మాట, అంకె మారకుండా అదే అచ్చు కొన్నేళ్లు వాడిన సందర్భాలు కూడా స్పెయిన్‌లో ఉన్నాయి, కాబట్టి 88 అంటే "ఆ ఏడు చేసింది" అని కాకుండా "ఆ ఏడు నాటి అచ్చు కొట్టింది" అని చదువుకో.

ఇక 2 ఎం 4 ఓ, ఇది నాకు అన్నిటికంటే నచ్చింది. ఎం అంటే మార్కో, ఓ అంటే ఓన్సా, వెండి తూకాలు. కాస్తీల్ మార్కో 230 గ్రాములు, ఒక మార్కోకి 8 ఓన్సాలు, ఓన్సా అంటే దాదాపు 28.75 గ్రాములు. లెక్క వేస్తే 2 మార్కోలు 460, 4 ఓన్సాలు 115, మొత్తం 575 గ్రాములు. వంటింట్లో త్రాసు ఉంటే పళ్లేన్ని ఇప్పుడే తూచు. 565, 570 అలా వస్తే రెండు వందల ఏళ్లు తోమడంలో ఆ కాస్త పోయింది అంతే, వస్తువు చెక్కుచెదరలేదు. 650 వచ్చిందా, తర్వాత ఎవరో కాళ్లో పిడో అతికించారు. 480 వచ్చిందా, ఏదో ఊడింది, లేదంటే అడుగు వేరే వస్తువుది. ఫోర్జరీ చేసేవాళ్లు ముద్రల మీద పెట్టిన శ్రద్ధ ఈ చేతిగీతల మీద పెట్టరు, అందుకే ఇది నాకు గట్టి సాక్ష్యం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి, చదువు అయిపోయాక ఇండియాకి తెచ్చుకుందామనుకుంటే ఊరికే సూట్‌కేసులో పెట్టుకోకు, 1985 నాటి స్పెయిన్ చారిత్రక సంపద చట్టం ప్రకారం వంద ఏళ్లు దాటిన వస్తువు దేశం దాటాలంటే పర్మిషన్ కావాలి. ముందే అప్లై చేసుకో.

ప్రశ్న: అన్నా, నమస్తే, మాది వరంగల్. మా బావ ఆన్‌లైన్ వేలంల ఒక జత వెండి కొవ్వొత్తి స్టాండ్లు కొన్నడు, మస్తు పైసలు పెట్టిండు. సింహం బొమ్మ ఉన్నది, పక్కన మార్తీనెస్ అని పేరు, దాని మీద 93 అని ఉన్నది, మూడోది సక్కగ కనవడ్తలేదు. అమ్మినోళ్లు ఇది మాడ్రిడ్ రాజుగారి ఫ్యాక్టరీల చేసినయ్ అని రాసిన్రు. నాకెందుకో అనుమానం ఉన్నది, ఎందుకంటే రెండిటి మీద ముద్రలు అచ్చం ఒక్క తీరుగ ఉన్నయ్, సింహం తోక కాడ చిన్న గుంట గూడ రెండిటికీ ఒక్క కాడనే ఉన్నది.

జవాబు: తమ్ముడూ, నీ అనుమానం వంద శాతం కరెక్టు, నువ్వు చూసిన ఆ గుంటే అసలు సంగతి చెప్తోంది. కానీ ముందు పేరు సంగతి తేల్చుకుందాం. మార్తీనెస్ అంటే స్పెయిన్‌లో మన దగ్గర రావు, రెడ్డి లాంటి మామూలు పేరు. మాడ్రిడ్‌లో 1778లో మూడో కార్లోస్ రాజు అండతో వెండిపని స్కూలు, ఫ్యాక్టరీ పెట్టినాయన ఆంతోనియో మార్తీనెస్, ఆయనది ఉయెస్కా అనే ఊరు, ప్రాదో మ్యూజియం పక్కన ఇప్పటికీ ఒక కూడలికి ఆ ఫ్యాక్టరీ పేరే ఉంది. కానీ సింహం మాడ్రిడ్‌ది కాదు. సింహం, పక్కన మార్తీనెస్, పైన 93 అంటే అది కోర్దోబా ఊరి పద్ధతి, అక్కడ పరీక్ష అధికారి తన ఇంటి పేరూ సంవత్సరం చివరి అంకెలూ కలిపి కొట్టేవాడు. ఆ రోజుల్లో కోర్దోబాలో ఆ పని చేసింది మాతేయో మార్తీనెస్ మొరెనో అనే ఇంకో మార్తీనెస్. అంటే ఆ పేరు చేసిన కంసాలిది కాదు, చూసిన అధికారిది! అమ్మేవాళ్లు పెద్ద పేరు కనపడగానే అతికించేస్తారు, తెలిసి చేస్తారో తెలీక చేస్తారో కానీ రేటు మాత్రం రెండింతలు అవుతుంది.

కోర్దోబా వెండి తక్కువదేం కాదు, దమియాన్ దె కాస్ట్రో లాంటి గొప్ప పనివాడు 1716లో పుట్టింది ఆ ఊళ్లోనే, ఆయన చేసిన వంపుల పని చూస్తే వెండి మెత్తగా పిండిలాగా సాగిందా అనిపిస్తుంది. అక్కడి వ్యాపారులు సంతలకి మూటలు కట్టుకుని దేశమంతా తిరిగి అమ్మేవాళ్లు, అందుకే ఎక్కడో మారుమూల చర్చిలో కూడా కోర్దోబా సింహం కనిపిస్తుంది. కాకపోతే సింహం కనపడగానే కోర్దోబా అనుకోకూడదు, సరగోసాకీ సింహమే, లియోన్‌కీ సింహమే, పక్కన ఉన్న అక్షరాలు, చుట్టూ గీసిన గీత ఆకారం చూసి తేల్చుకోవాలి. మిగతా ఊళ్లు కొంచెం సులువు, గ్రనాదాకి దానిమ్మకాయ, వాళ్ల భాషలో గ్రనాదా అంటేనే దానిమ్మ. సెగోవియాకి రోమన్లు కట్టిన నీళ్ల వంతెన, సలమాంకాకి వంతెన మీద ఎద్దు, కుయెంకాకి గిన్నె, పైన నక్షత్రం, వలెన్సియాకి కిరీటం పెట్టిన ఎల్ అక్షరం, బార్సిలోనాకి పేరులో మొదటి మూడక్షరాలు. సెవిల్లెకి నో, డో అని రెండు ముక్కలు, మధ్యలో 8 లాంటి నూలుకండె. ఆ నూలుకండెని వాళ్లు మదేహా అంటారు, మూడూ కలిపి చదివితే "నన్ను వదిలిపెట్టలేదు" అని అర్థం వస్తుంది, పదో అల్ఫోన్సో రాజుకి కష్టకాలంలో ఆ ఊరు అండగా నిలబడిందని కథ చెప్తారు.

సరే, మీ బావ స్టాండ్ల సంగతి. కొవ్వొత్తి స్టాండ్లు పోత పోసి చేయడం మామూలే, రెండు స్టాండ్ల ఆకారం ఒకేలా ఉంటే తప్పు లేదు. కానీ ముద్ర పోతలో రాకూడదు, పోత అయిపోయి, సానపట్టి, పరీక్షకి వెళ్లాక సుత్తితో కొట్టాలి. చేత్తో కొట్టిన ముద్ర ఎప్పుడూ రెండోసారి అచ్చం అలాగే పడదు, ఒకటి కొంచెం వాలుతుంది, ఒకటి సగం పడుతుంది, ఒకటి లోతుగా దిగుతుంది. రెండిటి మీదా అదే చోట, అదే వాలులో, అదే గుంటతో ఉందంటే అసలైన ఒక స్టాండుకి అచ్చు తీసి, ముద్రతో సహా పోత పోశారన్నమాట. వేలితో తడిమి చూడమను, కొట్టిన ముద్ర అంచులు కోసినట్టు ఉంటాయి, పలచటి చోటైతే వెనక వైపు కొంచెం ఉబ్బు తగులుతుంది, పోత ముద్ర సబ్బు మీద అద్దినట్టు మెత్తగా, లోపల సన్నటి రవ్వలుగా ఉంటుంది. వేలం వాళ్లకి వెంటనే ఫోటోలతో రాయండి, రిటర్న్ గడువు దాటిపోక ముందే.

ప్రశ్న: సార్, మా అమ్మాయి యూరప్ టూర్ నుంచి ఒక చిన్న గిన్నె తెచ్చింది, వెనకాల ప్లాతా మెనేసెస్ అని ఉంది. గూగుల్‌లో చూస్తే ప్లాతా అంటే వెండి అని వచ్చింది. మా వీధిలో షాపతను జర్మన్ సిల్వర్ అంటున్నాడు. ఎవరిది కరెక్టు? విజయవాడ నుంచి ఒక పాఠకురాలు.

జవాబు: మీ వీధి షాపతనే కరెక్టమ్మా. ప్లాతా అంటే వెండే, కానీ మెనేసెస్ అనేది 19వ శతాబ్దంలో మాడ్రిడ్‌లో మొదలైన కంపెనీ, వాళ్ల సరుకులో బాగా పేరుపడింది తెల్ల లోహం మీద వెండి పూత వేసిన సామాను, స్పెయిన్‌లో ఇంటింటికీ ఉండేది కాబట్టి ఆ పేరే ఒక రకం సరుకుకి పేరైపోయింది. అల్పాకా అని ఉన్నా, రుయోల్స్ అని ఉన్నా అదే వరస, అల్పాకా అంటే సాక్షాత్తూ మన జర్మన్ సిల్వరే, రాగి, నికెల్, జింకు కలిపింది, అందులో వెండి చుక్క కూడా ఉండదు, పైన పూత మాత్రమే వెండి. గిన్నె అంచుల్లో, అడుగు ఆనే చోట చూడండి, అరిగిన దగ్గర పసుపు రంగో బూడిద రంగో బయటపడుతుంది. అమ్మాయి ప్రేమగా తెచ్చింది, దాచుకోండి, పనితనం బావుంటుంది, తూకానికి మాత్రం అమ్మబోకండి.

ప్రశ్న: నా దగ్గర ఒక స్పెయిన్ కూజా ఉంది, 925 అని స్పష్టంగా ఉంది, 1750 నాటిదని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. బెంగళూరులో కొన్నాను. నమ్మొచ్చా అండీ?

జవాబు: సర్టిఫికెట్ పక్కన పెట్టండి, ఆ మూడంకెలే చాలు. వెయ్యికి ఇన్ని వంతులు అనే లెక్క కొత్త కాలానిది. 1750లో స్పెయిన్ కంసాలి వెండి నాణ్యాన్ని దినేరోల్లో చెప్పేవాడు. ఏ కలుపూ లేని వెండి 12 దినేరోలు, ఒక్కో దినేరోకి 24 గ్రానోలు. పాత స్టాండర్డు 11 దినేరోల 4 గ్రానోలు, ఇప్పటి లెక్కలో 930 దాటుతుంది. 1730 ప్రాంతంలో దాన్ని 11 దినేరోలకి దించారు, అంటే 916. హువాన్ దె ఆర్ఫె అని ఆ దేశం మొత్తానికీ పెద్ద కంసాలి, వెండి బంగారం పరీక్షల మీద 1572లో వల్లదోలిద్‌లో పుస్తకం అచ్చు వేయించాడు, అందులో లెక్కంతా ఇలాగే ఉంటుంది. ఆయన తాత, తండ్రి, ఆయన, మూడు తరాలు స్పెయిన్ పెద్ద చర్చిలకి గోపురాల్లాంటి వెండి మందసాలు చేశారు, ఒక ఇంటి పనితనం అంతకాలం నిలబడటం తల్చుకుంటే నాకు మా నాన్న కొలిమి గుర్తొస్తుంది.

అందుకని 925 అని అంకెల్లో ఉంటే అది 18వ శతాబ్దం కాదు, స్పెయిన్‌లో అది ఎక్కువగా 1980ల చివర్లో వచ్చిన కొత్త రూల్స్ తర్వాతి సరుకు మీద కనిపిస్తుంది. ఐదు కోణాల నక్షత్రం, 915 అని ఉంటే 1934 తర్వాతది. ఇవేవీ దొంగ వెండి కాదు, వెండి వెండే, వయసే అబద్ధం. మీరు యాంటిక్ రేటు కట్టి ఉంటే బిల్లు పట్టుకుని షాపుకి వెళ్లండి, గట్టిగా అడగండి.

ప్రశ్న: మాది మచిలీపట్నం. మా తాతగారి పెట్టెలో ఒక పెద్ద వెండి నాణెం దొరికింది, ఒకవైపు రాజు మొహం, కరోలస్ అని, 1795 అని ఉంది, రెండోవైపు రెండు స్తంభాల మధ్య డాలు, 8 ఆర్ అని, ఎం అక్షరం మీద చిన్న సున్నా, ఎఫ్ ఎం అని అక్షరాలు. నాణెం మీద ఎవరో చిన్న చిన్న ముద్రలు కూడా కొట్టారు, అందుకని విలువ పోయిందా? ఇది మా ఊరికి ఎలా వచ్చి ఉంటుంది?

జవాబు: మీ ఊరికి రావడంలో ఆశ్చర్యం ఏమీ లేదండీ, మీ ఊరు అంటేనే ఈ నాణేల ఊరు. ఇది స్పెయిన్ ఎనిమిది రియాళ్ల నాణెం, ఎం మీద సున్నా అంటే అప్పట్లో స్పెయిన్ పాలనలో ఉన్న మెక్సికో టంకశాల, ఎఫ్ ఎం అనేది అక్కడి పరీక్ష అధికారుల పేర్లలో మొదటి అక్షరాలు, చూశారా, నాణెం మీద కూడా అదే పద్ధతి, ఊరు, అధికారి, సంవత్సరం. ఇంగ్లీషు కంపెనీ 1611లో మీ బందరులో కోఠీ పెట్టింది, డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చారు. మన కలంకారీ గుడ్డలు కొనడానికి వాళ్ల దగ్గర మనకి కావాల్సిన సరుకు పెద్దగా లేదు, వెండీ బంగారమే ఇవ్వాలి, ఆ వెండిలో చాలా భాగం మెక్సికో, పొతోసి గనుల నుంచి స్పెయిన్ నాణేల రూపంలో వచ్చిందే. మన షరాబులు వాటిని తూచి, గీటు పెట్టి, నాణ్యం చూసి తీసుకునేవాళ్లు, ఎక్కువ భాగం కరిగిపోయి రూపాయలైపోయింది. మీ తాతగారి పెట్టెలోది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పలేను గానీ, ఆ దారి మాత్రం నిజమైన దారి.

నాణెం మీద కొట్టిన చిన్న ముద్రలు షరాబులవో చైనా వర్తకులవో అయి ఉంటాయి, పరీక్ష చేశాం, సరుకు మంచిది అని. వాటివల్ల విలువ పోలేదు, సేకరించేవాళ్లు కొందరు వాటికోసమే వెతుకుతారు. కాకపోతే ఈ నాణేనికి దొంగవి లెక్కలేనన్ని ఉన్నాయి, కాబట్టి మూడు చూడండి. తూకం 27 గ్రాములకి దగ్గర్లో ఉండాలి, 22, 23 వస్తే పక్కన పెట్టేయండి. అయస్కాంతానికి అస్సలు అంటుకోకూడదు. మూడోది ముఖ్యం, అంచు. రాజు మొహం ఉన్న నాణేలకి, అంటే 1772 నుంచి వచ్చినవాటికి, అంచు చుట్టూ ఒక సున్నా, ఒక డబ్బా, మళ్లీ సున్నా, డబ్బా ఇలా వరసగా ఉంటుంది. దొంగవాటికి నిలువు గీతలు ఉంటాయి, లేదంటే అంచు మధ్యలో పోత అతుకు గీత కనపడుతుంది. అన్నట్టు దయచేసి కరిగించి పిల్లలకి పట్టీలు చేయించకండి, ఇలా కరిగిపోయినవి నా కళ్లతో చూశాను, ఇప్పటికీ బాధేస్తుంది.

ప్రశ్న: అన్నా, డాలస్ నుంచి రాస్తున్నా. ఇక్కడ ఎస్టేట్ సేల్‌లో స్పానిష్ కలోనియల్ అని చెప్పి ఒక వెండి ట్రే అమ్మారు, గద్ద ముద్ర ఉంది, గద్ద పొట్టలో 3 అని అంకె ఉంది. కలోనియల్ మెక్సికో వెండికి గద్ద ముద్ర ఉంటుందని చదివాను, అందుకే కొన్నాను.

జవాబు: చదివింది నిజమే తమ్ముడూ, గద్ద మాత్రం వేరే గద్ద. స్పెయిన్ పాలనలో ఉన్న మెక్సికోలో పన్ను కట్టిన వెండికి రెక్కలు విప్పిన గద్ద ముద్ర ఉండేది, దాంతోపాటు కిరీటం పెట్టిన ఎం, అధికారి పేరు ముక్క, కంసాలి పేరు ఉండేవి. రాజుకి వెండిలో వాటా పోవాలి, మొదట్లో అయిదో వంతు, అందుకే దాన్ని కింతో అనేవాళ్లు, కాబట్టి అక్కడ ముద్ర అంటే నాణ్యంతో పాటు పన్ను రసీదు కూడా. పొట్టలో అంకె ఉన్న గద్ద 1948లో మెక్సికో ప్రభుత్వం పెట్టిన ముద్ర, 3 చాలావరకు తాస్కో ఊరి సరుకు మీద కనపడుతుంది. తాస్కో పని చాలా బావుంటుంది, దాని విలువ దానికుంది, కానీ అది స్పెయిన్ కాలం నాటిది కాదు.

నువ్వు ఇంకోసారి వెతికేటప్పుడు ఎఫ్ సీ డీ ఏ అనే నాలుగక్షరాలు కనపడతాయి, అది ఫోర్కాదా అనే అధికారి ముద్ర, 1790ల నుంచి 1818 దాకా పనిచేశాడు. అది కనపడగానే చెయ్యి ఆపుకో, ఎందుకంటే పేరున్న ముద్ర కాబట్టి దాని నకిలీలే ఎక్కువ తిరుగుతుంటాయి. నేను కూడా ఒకసారి ఆ నాలుగక్షరాలు చూసి ఒక పళ్లెం కొన్నాను, డీలర్ చాలా నమ్మకంగా మాట్లాడాడు, ఇంటికొచ్చి వెనక వైపు నోటితో ఆవిరి ఊదితే ముద్ర చుట్టూ గుండ్రంగా మాటు వేసిన గీత తేలింది. ఒక విరిగిన గరిటె నుంచి ముద్ర ఉన్న ముక్క కోసి, మామూలు పళ్లేనికి అతికించారు. ఆ ఆవిరి పద్ధతి మా నాన్న దగ్గర నేర్చుకున్నదే, చలవగా ఉన్న వెండి మీద ఊదితే టంకం ఉన్నచోట మంచు వేరేగా పడుతుంది, ఒక్క క్షణమే కనపడుతుంది, కళ్లు ఆర్పకుండా చూడాలి. కొనకముందే ఊది ఉంటే సరిపోయేది, అందుకే మీకందరికీ చెప్తున్నా.

ప్రశ్న: ముద్ర అసలు లేకపోతే అది పాత స్పెయిన్ వెండి కాదని అర్థమా? కర్నూలు నుంచి.

జవాబు: కాదండీ. రూలు ఉన్నంత మాత్రాన అందరూ పాటించలేదు. చర్చి వాళ్లు ఆర్డరిచ్చి చేయించుకున్నవి, ఇంట్లోవాళ్లు తమ వెండే ఇచ్చి చేయించుకున్నవి చాలాసార్లు ముద్ర లేకుండానే ఉంటాయి, పెరూ వైపు వెండి అయితే మరీ ఎక్కువ, ముద్ర కొట్టించుకుంటే పన్ను కట్టాలి కదా. పైగా 1808 నుంచి 1814 దాకా జరిగిన యుద్ధంలో నెపోలియన్ సైన్యాలు చర్చిల వెండి తీసుకుపోయి బోలెడు కరిగించేశాయి, అందుకని మిగిలిన ప్రతి వస్తువునీ ముద్ర లేదని తోసిపారేయలేం.

అప్పుడు ఆకారం చూడాలి. చాక్లెట్ కప్పు కదలకుండా మధ్యలో కట్టు ఉన్న సాసరు ఒకటుంటుంది, మాన్సెరీనా అంటారు, పెరూలో రాజప్రతినిధిగా చేసిన మాన్సెరా ప్రభువు పేరు మీద వచ్చింది. ముక్కు దగ్గర మనిషి మొహం చెక్కిన కూజాలు, నూనె దీపపు వెలోన్లు ఉంటాయి. వెలోన్‌ని చూస్తే అచ్చం మన దీపపు సెమ్మే గుర్తొస్తుంది, మధ్యలో కాడ, చుట్టూ వత్తుల ముక్కులు. వీటిని ఎక్కడ పట్టుకుంటారో అక్కడే అరుగుదల ఉందా చూడండి, అడుగంతా సమానంగా గీకినట్టు ఉంటే ఎవరో కావాలని అరగదీశారు. ఇంకా అనుమానం ఉంటే నగల షాపుల్లో ఎక్స్‌రే మెషిన్ ఉంటుంది కదా, క్యారట్ చూసేది, దాంట్లో వెండి శాతంతో పాటు బంగారం, సీసం ఎంతుందో కూడా చూపించమనండి. పాత పద్ధతిలో పుటం పెట్టి తీసిన వెండిలో ఆ రెండూ లేశమాత్రం మిగిలిపోతాయి, కరెంటుతో శుద్ధి చేసిన ఇప్పటి వెండిలో బంగారం దాదాపు ఉండదు. ఒక్క చోట కాకుండా మూడు నాలుగు చోట్ల చూపించండి, ఆ మెషిన్ పైపొరనే చూస్తుంది, పాత వెండికి పైపొరలో నాణ్యం అసలు కంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది.

ప్రశ్న: తోముకోవచ్చా సార్? విబూదితో మా అమ్మ వారానికోసారి తోముతోంది, ముద్ర ఉన్న వైపు ఎక్కువగా రుద్దుతోంది, కనపడాలని.

జవాబు: అమ్మగారికి నా నమస్కారాలు చెప్పి ఈ రోజు నుంచే ఆపమనండి. విబూది, పళ్లపొడి, చింతపండు ఏదైనా ఒక్కో తోముడికీ సన్నటి పొర పోతుంది, ముద్రల్లో గీతలు జుట్టంత లోతే ఉంటాయి. పూజ సామాను అయితే సరే, పాతదని అనుమానం ఉన్న వస్తువుని మాత్రం గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి నూలు గుడ్డ, అంతే. ముద్ర గుంటల్లో ఉన్న నలుపుని ముట్టుకోకండి, ఆ నలుపు ఉంటేనే అక్షరాలు చదవగలం. ముద్ర ఫోటో ఒకటి పంపండి, ఆ వైపు ఇంకోసారి రుద్దకుండా తీయండి.